నోటిమాటకు అప్పీలు లేదు: సర్కారు ఆఫీసు నుంచి జవాబు రాబట్టుకునే తొవ్వ

సర్కారు ఆఫీసులో గుండ్రటి రబ్బరు ముద్ర ఒకటి ఉంటది. చుట్టూ ఆఫీసు పేరు, నడుమ తారీఖు. నా సర్వీసులో తొమ్మిదేండ్లు, వచ్చిన కాయితాలు తీసుకునే ఇన్‌వార్డు సీటులోనే గడిచింది కాబట్టి ఆ ముద్ర నా చేతిలోనే ఉండేది. అర్జీ పట్టుకొచ్చిన మనిషి దగ్గర రెండో కాపీ ఉంటే దాని మీద కూడా ముద్ర కొట్టి ఇచ్చేదాన్ని. లేకుంటే లేదు. రెండో కాపీ తెచ్చుకోమని ఎవరికీ చెప్పేదాన్ని కూడా కాదు, అది నా పని కాదనుకున్న. ఆ ముద్ర లేక మా సొంత చెల్లె ఎనిమిది నెలలు తిరిగినంక, నా ముందరి నుంచి ఎంతమంది ఉత్త చేతులతో వెళ్లిపోయిండ్రో తలుచుకుంటే నిద్ర పట్టలేదు. ఇది రాయడానికి కారణం అదే.

మా మరిది, అంటే ఆ చెల్లె పెనిమిటి, 2022 వానాకాలంలో ఇంట్లోనే చనిపోయిండు. దేవరకొండ అవతల పల్లె. దినాలు, అప్పులోళ్లు, ఆ వెంటనే పత్తి పని. చావును నమోదు చేయించాలన్న సోయి ఎవ్వరికీ లేకపాయె. ఏడాదిన్నర తర్వాత పింఛనుకు పోతే మరణ ధ్రువపత్రం తెమ్మన్నరు. భూమి విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్పిడి, చేయించుకుందామని పోతే అక్కడా అదే అడిగిండ్రు. ధ్రువపత్రం కోసం తిరిగితే ఒక ఆఫీసులో “రిపోర్టు రాలేదు”, ఇంకో ఆఫీసులో “ఎప్పుడో పంపినం, అక్కడికే పో”.

“ఏం కాయితమిచ్చిండ్రే నీకు?” అని అడిగిన.

“ఏం ఇయ్యలేదక్కా. నోటితోనే చెప్పిండ్రు.”

దెబ్బ తగిలింది అక్కడే. నోటితో చెప్పిన దాని మీద అప్పీలు వేయలేము. పై అధికారికి చూపించలేము. హైకోర్టుకు పోయినా “మీరు ఎప్పుడు అడిగిండ్రు, వాళ్లు ఏమన్నరు” అనే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. అందుకే “సారూ, జర పని చేసిపెట్టండి” అని బతిమాలుడు మానేయండి. “నా దరఖాస్తు మీద ఉత్తర్వు ఇయ్యండి. కాదనేటట్టుంటే కాదని, ఎందుకు కాదో రాసి ఇయ్యండి” అని అడగండి. ఇట్ల అడిగితే చట్టం మీ పక్కన నిలబడతది. “కాదు” అని రాసిచ్చిన కాయితం కూడా మీకు పనికొస్తది, ఎందుకంటే దాని మీద పైకి పోవచ్చు.

ముందుగాల: అధికారం ఎవరి చేతిలో ఉంది?

మా చెల్లె మొదటి నాలుగు నెలలు పంచాయతీ ఆఫీసు చుట్టే తిరిగింది. కార్యదర్శి మంచి పిల్లగాడే. కానీ అతని చేతిలో ఆ అధికారం లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో చెప్తే పైసా ఖర్చు లేకుండ రాసుకుంటరు. 30 రోజుల లోపలైతే ఆలస్య రుసుము కట్టాలె. 30 రోజులు దాటి ఏడాది లోపలైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలె. ఏడాది దాటిన కేసుకు ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలని ఉండేది. 2023లో ఆ చట్టాన్ని సవరించిండ్రు. 2023 అక్టోబర్ 1 నుంచి జిల్లా మేజిస్ట్రేటు అంటే కలెక్టరు, లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అంటే ఆర్డీవో, లేదా కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇయ్యాలె. ఆ ఉత్తర్వు వచ్చినంకనే పల్లెలో రిజిస్టరులోకి ఎక్కుతది. పంచాయతీ ఇయ్యగలిగింది “మా రిజిస్టరులో ఈ చావు నమోదు కాలేదు” అన్న పత్రం ఒక్కటే. అది మాత్రం తప్పక తీసుకోవాలె.

ఏ పనికైనా ఇదే పద్ధతి. విచారణ చేసే మనిషి వేరు, రిపోర్టు పంపే మనిషి వేరు, సంతకం పెట్టి నిర్ణయించే మనిషి వేరు. గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, రిపోర్టు రాస్తడు, నిర్ణయం ఆయనది కాదు. మీ అర్జీ నిర్ణయించే మనిషి పేరు మీద, అంటే ఆయన హోదా మీద ఉండాలె. కింది ఆఫీసుకు ఒక కాపీ ఇస్తే చాలు. చట్టం ఒక అధికారికి పని అప్పగిస్తే ఆయన తన బుద్ధితోనే తేల్చాలె. “పైనుంచి ఫోన్ వచ్చింది, అందుకే ఆపినం” అనేది చట్టం ముందర కారణమే కాదు.

ఇక మన దిక్కు ఇంకో చిక్కు ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు పాత నల్లగొండ మూడు జిల్లాలైంది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పుట్టినయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వచ్చింది. షాద్‌నగర్, ఆమనగల్లు దిక్కు మండలాలు రంగారెడ్డిలోకి పోయినయి. కాబట్టి 2016 ముందటి ఫైలు కావాల్సినవాళ్లకు “మా దగ్గర లేదు, పాత జిల్లాలో అడుగు” అన్న మాట ఎదురైతది. ఆ మాట కూడా రాసివ్వమనండి. లేదా సమాచార హక్కు కింద అడగండి. ఆ చట్టం 6(3) సెక్షను ప్రకారం తమ దగ్గర లేని సమాచారమైతే దరఖాస్తును అది ఉన్న ఆఫీసుకు 5 రోజుల్లో వాళ్లే పంపాలె. తిప్పలు మీవి కావు, వాళ్లవి.

అర్జీ ఎట్ల రాయాలె

సోమవారం కలెక్టరేటు ముందర కూర్చొని రాసిచ్చేవాళ్ల అర్జీలు వేలకొద్ది చూసిన. నాలుగు పేజీల బాధ ఉంటది, ఏం కావాలో అడిగే వాక్యం ఒక్కటీ ఉండదు. చదివే గుమాస్తా మొదటి పది లైన్లు చూసి ఏ సెక్షనుకు పంపాలో తెలియక “తగు చర్య నిమిత్తం” అని రాసి ఎటో తోస్తడు. నేనూ అట్లనే తోసిన. ఒక అర్జీలో ఒక్కటే అడగండి, ఒక్క పేజీలో. మా చెల్లెకు నేను రాసిచ్చింది ఇది:

*రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి,*

*విషయం: నా భర్త మరణ నమోదుకు ఉత్తర్వు కోరుట గురించి.*

*సూచిక: 1) నా మీసేవ దరఖాస్తు నంబరు, తేదీ. 2) గ్రామ పంచాయతీ వారు ఇచ్చిన నమోదు కాలేదన్న పత్రం, తేదీ.*

*నా భర్త మా ఇంటివద్ద మరణించారు. మరణం ఏడాది లోపు నమోదు కాలేదు. 1969 జనన మరణాల నమోదు చట్టం 13(3) సెక్షను ప్రకారం తమ ఉత్తర్వు కోరుతూ పై సూచిక 1 ద్వారా దరఖాస్తు చేసుకున్నాను. నేటివరకు ఎలాంటి ఉత్తర్వు అందలేదు.*

*కనుక నా దరఖాస్తుపై 30 రోజులలోగా రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నిరాకరించే పక్షంలో కారణాలను తెలియజేయగలరు. నేను గాని సాక్షులు గాని హాజరు కావలసి ఉంటే తేదీని ముందుగా తెలిపిన హాజరు కాగలము.*

*జతపరచినవి: …*

*(సంతకం, పూర్తి చిరునామా, ఫోన్ నంబరు)*

ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు. మా చెల్లె అది చదివి “నా బాధ ఏదక్కా ఇండ్ల?” అన్నది. బాధ నిజమే బిడ్డా, కానీ ఫైలుకు తేదీలు, నంబర్లే కావాలె అని చెప్పిన. 30 రోజులు అనేది నేను పెట్టుకున్న లెక్క. చట్టంలో గడువు రాసి లేని చోట అధికారి “సబబైన కాలం”లో తేల్చాలని కోర్టులు అంటయి. మనం గడువు అడిగి పెడితే ఎన్నాళ్లు ఓపిక పట్టినమో రేపు చూపించొచ్చు. జతపరచిన వాటిని పేరుపేరునా, ఎన్ని పేజీలో సహా రాయండి. అసలు పత్రాలు ఎప్పుడూ ఇయ్యకండి, నకళ్లే ఇయ్యండి.

రసీదు

రెండు కాపీలు తీసుకపోండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ముద్ర, తారీఖు, తీసుకున్న మనిషి పొట్టి సంతకం మీకు. “సార్ లేడు, తీసుకోను” అన్నా, “ఉంచిపో, ముద్ర అక్కరలేదు” అన్నా గొడవ పెట్టుకోకండి. బయటికొచ్చి పోస్టాఫీసుకు పోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపిండ్రు. కాబట్టి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ సదుపాయంతో పంపమని కౌంటరులో అడగండి. రసీదు జాగ్రత్త. వారం తర్వాత ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి అర్జీ కాపీ వెనకాల కుట్టండి. సరైన చిరునామాకు, పైసలు కట్టి రిజిస్టరు చేసి పంపిన ఉత్తరం చేరినట్టే లెక్క అని జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను చెప్తది. చేరలేదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే.

మీసేవలో కట్టిన దరఖాస్తుకు రసీదు ఎట్లాగూ వస్తది. అది చాలామంది పారేస్తరు. దాని మీది నంబరే మీ ఫైలుకు తాళంచెవి.

ప్రజావాణి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలె. సోమవారం కలెక్టరేటులో ఇచ్చిన అర్జీ ఎక్కడికి పోతది? తిరిగి అదే ఆఫీసుకు, మీరు ఎవరి మీద ఫిర్యాదు చేసిండ్రో ఆ ఆఫీసుకే “పరిశీలించి చర్య తీసుకోండి” అని పోతది. అది తప్పు కాదు, దానివల్ల కదిలిన ఫైళ్లు నేను చూసిన. కానీ ప్రజావాణి అప్పీలు కాదు. ఒక ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు వేయాల్సి ఉంటే, మీరు ప్రజావాణిలో వరుసగా నాలుగు సోమవారాలు నిలబడ్డా ఆ గడువు ఆగదు. నాలుగో సోమవారం అయ్యేసరికి అప్పీలు హక్కు చేజారిపోయినోళ్లను చూసిన. రెండూ చేయండి, కానీ అప్పీలు ముందు.

ఫైలు ఎక్కడ ఆగిందో చూసుకోవడం

ముప్పై రోజులైంది. జవాబు లేదు. ఇక్కడే 2005 సమాచార హక్కు చట్టం పనికొస్తది. దాన్ని చాలామంది పెద్ద పెద్ద కుంభకోణాలు బయటపెట్టేవాళ్ల ఆయుధం అనుకుంటరు. నా దృష్టిలో ఒక విధవరాలు తన సొంత ఫైలు చూసుకోవడానికి మించిన ఉపయోగం దానికి లేదు.

తెల్ల కాయితం చాలు. మన తెలంగాణలో పల్లె స్థాయి ఆఫీసుకైతే ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించొచ్చు, పోస్టల్ ఆర్డరు పెట్టొచ్చు, నగదు కట్టి రసీదు తీసుకోవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్లకు అదీ లేదు, రుజువు జతచేస్తే సరి. ఎందుకు అడుగుతున్నరో చెప్పాల్సిన పని లేదు, 6(2) సెక్షను ఆ మాట నేరుగా అంటది.

ఏం అడగాలన్నదే అసలు కిటుకు. “నా పని ఎందుకు చేయట్లేదు?” అని అడిగితే “ఇది సమాచారం కిందికి రాదు” అని తిప్పి పంపుతరు. చట్టం లెక్కన అది సరైనదే. రికార్డులో ఉన్నదే సమాచారం, అధికారి మనసులో ఉన్నది కాదు అని సుప్రీంకోర్టు కూడా 2010లో చెప్పింది. అందుకని “ఎందుకు” అనకండి, “నకలు ఇయ్యండి” అనండి. మేము అడిగినవి నాలుగే. మా దరఖాస్తు ఏ తారీఖున ఏ సీటు దగ్గరికి పోయిందో చూపించే రికార్డు నకలు. ఆ ఫైలులోని నోట్ ఫైలు, ఉత్తరప్రత్యుత్తరాల పేజీల నకళ్లు, ఇ-ఆఫీసులో ఉంటే ప్రింటు. ఇప్పుడు ఫైలు ఎవరి దగ్గర ఉందో ఆ అధికారి హోదా. ఈ సేవకు ఆఫీసు పెట్టుకున్న గడువు ఏదో చూపించే పత్రం నకలు.

నోట్ ఫైలు అంటే తెలియనివాళ్లకు: గుమాస్తా “ఇట్ల చేయొచ్చు” అని రాస్తడు, సూపరింటెండెంట్ ఒక మాట చేరుస్తడు, అధికారి కింద సంతకం పెడతడు. ఆఫీసు లోపలి ముచ్చటంతా అందులోనే ఉంటది. అది అడిగే హక్కు మీకు ఉంది.

వాళ్లు 30 రోజుల్లో జవాబియ్యాలె. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. మాకు ఇరవై ఆరో రోజున ఉత్తరం వచ్చింది: పద్నాలుగు పేజీలు, పేజీకి 2 రూపాయల లెక్కన 28 రూపాయలు కట్టమని. కట్టి తెచ్చుకున్నం. మండలం నుంచి రిపోర్టు మా దరఖాస్తుకు అనుకూలంగానే వచ్చి డెబ్బై ఒక్క రోజులైంది. “ఉత్తర్వు కోసం సమర్పించడమైనది” అని నోటు కూడా తయారైంది. కింద సంతకం లేదు, అంతే. ఆ నెలలన్నీ మా చెల్లెకు “రిపోర్టు రాలేదు” అని చెప్తనే ఉన్నరు.

ఆ పేజీ నకలు జతచేసి అధికారికి ఇంకో అర్జీ ఇచ్చినం. తొమ్మిదో రోజున ప్రొసీడింగ్స్, అంటే సంతకం పడ్డ ఉత్తర్వు, వచ్చినయి.

జవాబు రాకుంటే, లేదా సగం జవాబు వస్తే, 30 రోజుల్లో అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు. ఆయన 30 రోజుల్లో, కారణం రాసి మహా అయితే 45 రోజుల్లో తేల్చాలె. ఆ తర్వాత 90 రోజుల్లో హైదరాబాదులోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండ ఆలస్యం చేసిన సమాచార అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాక జరిమానా వేయొచ్చు. కమిషన్ దాక పోతే తొందరగా తెమలదు. నా అనుభవంలో పనయ్యేదంతా మొదటి అప్పీలు లోపలే అయితది. గడువు దాటినంక ఇస్తే నకళ్లకు పైసలు తీసుకోవద్దు, అది 7(6) సెక్షను.

నోటీసు మీ ఇంటికే వస్తే

ఇప్పటిదాక మనం అడిగిన పని గురించి. ఒక్కోసారి ఆఫీసే మన మీదికి వస్తది: పింఛను ఆపుతమని, కార్డు రద్దు చేస్తమని, గోడ కూలుస్తమని. మనకు నష్టం చేసే నిర్ణయం తీసుకునే ముందు నోటీసు ఇయ్యాలె, మన జవాబు వినాలె, దేని ఆధారంగా అంటున్నరో ఆ కాయితాలు మనకు చూపించాలె. దీన్ని సహజ న్యాయం అంటరు. చట్టంలో ప్రత్యేకంగా రాసి లేకున్నా ఇది వర్తిస్తదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. 1978 మేనకా గాంధీ కేసు అందులో పెద్దది.

నోటీసు వస్తే మొదటి పని: కవరు పారేయకుండ దాని మీద మీ చేతికొచ్చిన తారీఖు రాసుడు. రెండోది: గడువులోపల ఒక్క పేజీ అయినా జవాబియ్యుడు. పత్రాలు లేకుంటే “మీరు ఆధారం చేసుకున్న రిపోర్టు నకలు ఇయ్యండి, అది అందినంక పూర్తి జవాబిస్తా, అందాక గడువు పొడిగించండి” అని రాసి రసీదు తీసుకోండి. ఊరుకున్నోళ్ల కేసులే ఎక్కువగా పోతయి.

కూల్చివేతల విషయంలో 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ నియమాలు పెట్టింది. కనీసం 15 రోజుల నోటీసు, లేదా స్థానిక చట్టంలో అంతకంటే ఎక్కువ గడువుంటే అది. నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపాలె, కట్టడానికి కూడా అతికించాలె. స్వయంగా వినాలె. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు లాంటి చోట్ల అక్రమంగా కట్టినదానికి, కోర్టే కూల్చమన్నదానికి ఈ రక్షణ లేదు. శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమిలో, ప్లాటు కొన్నోళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలె. అమ్మినోడు ఈ ముక్క చెప్పడు.

పంచనామా మీద సంతకం అడుగుతరు. చదివించుకోండి. ఒప్పుకోని ముక్క ఉంటే “పై విషయం నాకు సమ్మతం కాదు” అని మీ చేతితో రాసి దాని కింద సంతకం పెట్టండి. వేలిముద్ర వేసేవాళ్లు చదువొచ్చిన మనిషిని పక్కన పెట్టుకోండి. ఖాళీ కాయితం మీద మాత్రం దేవుడే వచ్చి అడిగినా వద్దు.

ఉత్తర్వు వచ్చినంక

చేతికొచ్చిన ఉత్తర్వులో చూడాల్సినవి: సంతకం చేసిన అధికారి హోదా, ఏ చట్టం ఏ సెక్షను కింద, మనం ఇచ్చిన పత్రాల ప్రస్తావన ఉందా, కారణం ఉందా, అప్పీలు ఎవరికి అని రాసి ఉందా. “పరిశీలించి తిరస్కరించడమైనది” అని ఒక్క లైను ఉంటే అది కారణం కాదు. ప్రభావితులైన వాళ్లకు తమ నిర్ణయాల కారణాలు చెప్పాలని సమాచార హక్కు చట్టం 4(1)(డి)లో కూడా ఉంది. ఇంకో గట్టి రక్షణ: ఉత్తర్వులో లేని కారణాన్ని రేపు కోర్టులో అఫిడవిట్ వేసి కొత్తగా చేర్చుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో తేల్చింది. అందుకే కారణం కాయితం మీదికి రప్పించుడు అంత ముఖ్యం.

అప్పీలు గడువు ఒక్కో చట్టంలో ఒక్కో తీరు. ఉత్తర్వు అందిన రోజే ఆ సెక్షను చూసుకోండి. భూముల విషయంలో ఒక మంచి జరిగింది. ధరణి కాలం నాటి 2020 చట్టం స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి చట్టం అమలులోకి వచ్చింది, దాంతో రెవెన్యూ అధికారుల దగ్గరే అప్పీలు చేసుకునే తొవ్వ మళ్ల తెరుచుకుంది. అంతకుముందు ప్రతి చిన్న తప్పుకు సివిల్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. సివిల్ కోర్టులో సర్కారు మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద రెండు నెలల ముందు నోటీసు ఇయ్యాలె. అత్యవసరమైతే కోర్టు అనుమతితో దాన్ని దాటొచ్చు.

హైకోర్టు

నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు, మూసీ ఒడ్డున. రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్, అంటే ఆఫీసుకు ఆదేశమియ్యమని హైకోర్టును అడిగే పిటిషన్, వేస్తరు. ఆఫీసు ఏ జవాబూ ఇయ్యకుండ కూర్చుంటే “తేల్చండి” అని ఆదేశించమని అడిగే రిట్‌ను మాండమస్ అంటరు. దానికి కావాల్సింది ముద్ర పడ్డ మీ అర్జీ. అది లేకుండ వకీలు కూడా ఏం చేయలేడు.

ఉత్తర్వు మీద అప్పీలు ఉండగా నేరుగా రిట్ వేస్తే సాధారణంగా “ముందు అప్పీలుకు పోండి” అంటరు. నోటీసు లేకుండ, వినకుండ చేసినప్పుడు, ప్రాథమిక హక్కు దెబ్బతిన్నప్పుడు, అధికారం లేని మనిషి ఉత్తర్వు ఇచ్చినప్పుడు మాత్రం అప్పీలు ఉన్నా రిట్ వినొచ్చని 1998 వర్ల్‌పూల్ కేసులో ఉంది. రిట్‌కు ఇన్ని రోజులని గడువు రాసి లేదు, కానీ ఏండ్లు ఊరుకొని పోతే ఆలస్యమే అడ్డమైతది.

వకీళ్లు ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. చాలా కేసుల్లో హైకోర్టు “అర్జీని ఇన్ని వారాల్లో చట్టప్రకారం పరిష్కరించండి” అని మాత్రమే అంటది. గెలిచినమని ఊళ్లో మిఠాయి పంచినోళ్లు ఉన్నరు. అది గెలుపు కాదు, గడువు. ఆ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తెచ్చి, కొత్త అర్జీ జతచేసి ఆఫీసులో ఇచ్చి, దాని మీద కూడా ముద్ర వేయించుకోవాలె. వాళ్లు గడువు దాటేస్తే కోర్టు ధిక్కారం కింద పోవచ్చు. అది ఏడాది లోపల వేయాలె.

ఖర్చుకు భయపడేవాళ్లకు: 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండ వకీలును ఉచితంగా పెడతరు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా సంస్థ ఆఫీసు ఉంటది. ఫోన్ నంబరు 15100. ఆడమనిషి అయితే చాలు అన్న సంగతి మా చెల్లెకు తెలియదు, సర్కారు కొలువు చేసిన నాకూ చాలా ఏండ్లు తెలియలేదు.

పైసలు అడిగితే ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ, నంబరు 1064. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చుడు కూడా నేరమే. బలవంతాన ఇయ్యాల్సి వస్తే 7 రోజుల్లో ఫిర్యాదు చేసినవాళ్లకు ఆ నేరం వర్తించదు. ఇయ్యకముందే చెప్పుడు ఇంకా మేలు.

మరణ ధ్రువపత్రం వచ్చినంక మా చెల్లె విరాసత్‌కు, పింఛనుకు రెండు దరఖాస్తులు విడివిడిగా పెట్టుకుంది. రసీదులు రెండూ మా ఇంట్లో గోడకున్న క్యాలెండరు వెనక గుచ్చినం. పింఛను దరఖాస్తుకు వచ్చే నెల 17కు ముప్పై రోజులు నిండుతయి. ఆ తారీఖు చుట్టూ ఆమే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. 18న ఇయ్యాల్సిన అర్జీ రెండు కాపీలు ఇప్పుడే రాసి పెట్టుకుంది.